కొండవాలు రిసార్టులో నేల జారుతోందా? ముందు నీళ్ల దారి చూడండి

అరకు దారిలో ఎస్.కోట నుంచి అనంతగిరి వైపు కొండ కింద కాటేజీలు కట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ఇక్కడి రాయి ఎక్కువగా ఖోండలైట్. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, లోపల మాత్రం ఏళ్ల వానలకు నాని ఎర్రమట్టిగా, సుద్దగా మారిపోయి ఉంటుంది. పొక్లెయిన్‌తో వాలు అడుగు కోసి చదును చేశాక మొదటి వేసవిలో ఏమీ తెలియదు. అసలు పరీక్ష వాయుగుండం పట్టినప్పుడే. హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) తుపాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి. కాబట్టి కింది పనులు సెప్టెంబరు దాటనివ్వకండి.

కాటేజీ పైన వాలులో బీట కనిపించింది

ఎండకు పడే బీటలు వలలా అడ్డదిడ్డంగా ఉంటాయి. నేల జారడానికి పడే బీట అలా ఉండదు. నెలవంకలా వంగి పొడవుగా సాగుతుంది, దాని కింది వైపు నేల కాస్త దిగి ఉంటుంది. బీటకు అటొకటి, ఇటొకటి మేకులు దిగ్గొట్టి, మధ్య దూరం రోజూ టేపుతో కొలిచి పుస్తకంలో రాయండి. దూరం పెరుగుతుంటే ఆ వరుస గదులు ఎవరికీ ఇవ్వకండి.

బీటలో బంకమట్టి కూరి దిమ్మిస చేసి, పైన టార్పాలిన్ కప్పండి. దానికి ఎగువన రాతికట్టు కాలవ తీసి వాననీటిని గెడ్డలోకి (కొండవాగులోకి) మళ్లించండి. కాలవను మట్టిగా వదిలేస్తే ఆ నీరే మళ్ళీ వాలులోకి ఇంకుతుంది. కొందరు బీటలో సిమెంటు పోసేస్తారు. దానితో కదలిక ఆగదు, అది కంటికి కనిపించకుండా పోతుంది, అంతే.

మట్టిని ఆపే రిటైనింగ్ గోడ పొట్ట వేసింది

గోడ వెనక నీరు నిలిచింది. ఒక ఘనపు మీటరు నీరంటే టన్ను బరువు. ఒక సైటులో నేనే చూసుకున్న గోడకు, అందంగా ఉంటుందని మేస్త్రీ నీటి రంధ్రాలన్నీ పూతతో మూసేశాడు. ఓనరూ మెచ్చుకున్నాడు, నేనూ ఊరుకున్నాను. మొదటి ముసురుకే గోడ ముందుకొచ్చింది. తప్పు మేస్త్రీది అనలేను.

పొట్ట కొంచెమే ఉంటే వాన తగ్గి, మట్టి ఆరాక, మీటరున్నరకొకటి చొప్పున మూడంగుళాల పైపులు పెట్టించండి. మట్టి కొట్టుకొచ్చి పైపులు పూడిపోకుండా వెనక కంకర నింపి, జియో గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపే వడపోత గుడ్డ) వేయాలి. తడి మీద గోడను తొలచడం ప్రమాదం. పొట్ట పెద్దదైతే అతుకులు వద్దు, విప్పి వైరు బుట్టల్లో రాళ్లు పేర్చి కట్టించండి. వాటి సందుల్లోంచి నీరు తనే పోతుంది.

వాన లేకుండానే వాలు చెమ్మగా ఉంది

చుట్టూ గడ్డి ఎండినా చైత్రంలో ఒక్కచోట పచ్చగా ఉందంటే సోక్‌పిట్‌నో (మురుగునీరు ఇంకే గుంత), స్విమ్మింగ్ పూల్‌నో అనుమానించండి. రాత్రి పంపు ఆపి పూల్ మట్టం గుర్తు పెట్టి, తెల్లారి చూడండి. సోక్‌పిట్ అయితే వాలుకు దూరంగా మార్చాల్సిందే.

వట్టివేరు నాటితే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. పైమట్టి కొట్టుకుపోకుండా అది బాగా పట్టుకుంటుంది. లోతు నుంచి జారే నేలను మాత్రం ఆపలేదు.

తలుపులు బిగుస్తున్నాయి, స్తంభాలు ఒరిగాయి, గెడ్డ నీరు ఒక్కసారిగా బురదైంది

వాన కురుస్తుండగానే గెడ్డ హఠాత్తుగా ఎండిపోవడం ఇంకా ప్రమాదం. పైన ఎక్కడో మట్టి అడ్డం పడి నీరు నిలిచిందన్నమాట. ఇక్కడ రిపేరు మాట లేదు. అర్ధరాత్రయినా అతిథుల్ని లేపండి. గెడ్డ వెంట కిందికి పరుగెత్తించకండి, పక్కకు, ఎత్తుగా ఉన్న గట్టినేల మీదికి తీసుకెళ్లి 112కి ఫోన్ చేయండి. వాన వెలిసినా సామాన్ల కోసం ఎవర్నీ వెనక్కి పంపొద్దు. భూగర్భ శాస్త్రజ్ఞుడు వచ్చి వాలు చూశాకే గదులు తెరవండి.