ఎల్100లో పై స్వరాలు మాయమైతే: ట్వీటరు కంటే ముందు నాబ్ చూడండి

జేబీఎల్ ఎల్100 స్పీకరు 1970లో, స్టూడియోలలో వాడే 4310 మానిటర్ స్పీకరుకు ఇంటి రూపంగా వచ్చింది. బేస్ పలికే 12 అంగుళాల తెల్ల వూఫరు, గళ్లుగళ్లుగా ఉండే ఫోమ్ ముసుగు, ముందువైపు రెండు నాబ్‌లు దాని గుర్తులు. 2018లో వచ్చిన ఎల్100 క్లాసిక్‌లో పై స్వరాలు పలికే ట్వీటరు టైటానియం డోమ్‌గా మారింది గాని, ఆ రెండు నాబ్‌లు అలాగే ఉన్నాయి. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి నా బల్ల మీదికి వచ్చిన పాత పెట్టెలలో చాలావాటి జబ్బు ఆ నాబ్‌ల వెనుకే దొరికింది.

పెట్టె విప్పే ముందు ఆంప్లిఫయర్ ఆపి, ఎడమ కుడి తీగలు ఒకదానికొకటి మార్చి వినండి. లోపం రెండో పెట్టెకు మారితే తప్పు ఆంప్లిఫయర్‌దో తీగదో అవుతుంది. అదే పెట్టెలో నిలిచిపోతేనే కింద రాసినది మీకు పనికివస్తుంది. రెండు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా అరవై కిలోమీటర్లు బస్సులో పెట్టె మోసుకొచ్చినవారిని చూసి ఎన్నోసార్లు బాధపడ్డాను.

లక్షణం: ఒక పెట్టెలో పై స్వరాలు లేవు, లేదా గొంతు దూరమైపోయింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి రికార్డు పెడితే వయొలిన్ వినిపిస్తుంది గాని, తీగ మీద కమాను రాపిడి వినిపించదు. శబ్దం బాగా పెంచితే ఆ రాపిడి ఒక్కసారిగా తిరిగివస్తుంది, తగ్గిస్తే మళ్లీ పోతుంది.

కారణం: ఆ నాబ్‌ల వెనుక ఎల్-ప్యాడ్‌లు ఉంటాయి. నిరోధకపు తీగ చుట్టిన పట్టీల మీద లోహపు నాలుకలు జారుతూ ట్వీటరుకు, మధ్య స్వరాలు పలికే మిడ్‌రేంజికి వెళ్లే శబ్దాన్ని తగ్గిస్తాయి. చాలామంది నాబ్‌ను మధ్యలో పెట్టి ఏళ్ల తరబడి ముట్టుకోరు. కదలని నాలుక కింద, ముఖ్యంగా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, చిలుము పడుతుంది. తక్కువ శబ్దానికి వచ్చే కొద్దిపాటి విద్యుత్తు ఆ పొరను దాటలేదు. ఎక్కువ శబ్దానికి దాటుతుంది.

కళింగపట్నంలో ఒక ఇంట్లో ఈ లక్షణాన్నే చూసి, ట్వీటరు పోయిందని నేను తేల్చేశాను. వేరే ట్వీటరు తెప్పించి బిగించగానే శబ్దం వచ్చింది, ఇంటాయన డబ్బు ఇచ్చారు. వానలు మొదలైన వారానికే శబ్దం మళ్లీ పోయింది. తీసేసిన పాత ట్వీటరును బల్ల మీద కలిపి చూస్తే శుభ్రంగా మోగింది. నేను పని చేస్తున్నప్పుడు నాబ్ కాస్త కదలడం వల్లనే ఆ రోజు శబ్దం వచ్చిందని అప్పుడు అర్థమైంది. ప్యాడ్ విప్పి చూస్తే, నాలుక ఆగిన చోట వెంట్రుకంత సన్నటి పచ్చటి గీత ఉంది. ఆయన డబ్బు ఆయనకు తిరిగి ఇచ్చాను.

ట్వీటరు నిజంగా పోయిందో లేదో మీరు మల్టీమీటరుతో (నిరోధం కొలిచే మీటరు) కొలిచేటప్పుడు దాని తీగ ఒకటి తప్పక ఊడదీయండి. లేకపోతే ప్యాడ్‌లోని నిరోధకమే మీటరులో కనబడి, కాలిపోయిన ట్వీటరు కూడా బాగున్నట్టు చూపిస్తుంది. వెనుక టెర్మినళ్ల దగ్గర కొలిచి లాభం లేదు; ట్వీటరుకు ముందున్న కెపాసిటరు మీటరు విద్యుత్తును లోపలికి పోనివ్వదు.

పరిష్కారం: ఆంప్లిఫయర్ ఆపి, రెండు నాబ్‌లను ఈ చివర నుంచి ఆ చివరకు ముప్పై సార్లు తిప్పండి. శబ్దం వస్తే కారణం తేలినట్టే, అయితే అది మళ్లీ పోతుంది. కాబట్టి వూఫరు విప్పి, ప్యాడ్‌ను బయటికి తీసి, పట్టీ మీద ఆరిపోయే రకం కాంటాక్ట్ క్లీనరు చల్లి, మళ్లీ తిప్పి, పూర్తిగా ఆరనివ్వండి. తుప్పు వదిలించే నూనె వాడకండి. అది పట్టీ మీద జిడ్డుగా మిగిలి దుమ్మును పట్టి ఉంచుతుంది. గరుకు కాగితంతో గీకితే సన్నటి తీగ తెగుతుంది. తీగ ముందే తెగి ఉంటే కొత్త 8 ఓంల ప్యాడ్ వేయడమే మార్గం. క్లాసిక్ ఉన్నవారు కూడా నెలకోసారి నాబ్‌లు చివరిదాకా తిప్పి, మళ్లీ తమకు నచ్చిన చోట పెట్టుకోవాలి.

లక్షణం: రెండు పెట్టెలూ మోగుతున్నాయి గాని బేస్ పలచబడింది. ఒక పెట్టెలో మాత్రమే వేరే వూఫరు వేయించి ఉంటే ముందు దాన్నే అనుమానించండి. పాత జేబీఎల్ వూఫరుకు ఎర్ర టెర్మినల్ మీద బ్యాటరీ ప్లస్ పెడితే కోన్ (ముందు కనబడే గరాటు ఆకారపు పొర) లోపలికి పోతుంది, ఇప్పటివి బయటికి వస్తాయి. 1.5 వోల్టుల బ్యాటరీని క్షణం తాకించి రెండు వూఫర్లనూ పోల్చండి; కదలిక ఎదురెదురుగా ఉంటే ఒకదాని బేస్‌ను ఇంకొకటి చంపేస్తున్నట్టు, కొత్తదాని తీగలు తారుమారు చేస్తే సరిపోతుంది.

పాత ఫోమ్ ముసుగు పొడిగా రాలడం వయసు వల్ల వచ్చేదే. కోన్ మీద పడిన పొడిని మెత్తటి బ్రష్‌తో తీయండి, తడిగుడ్డ వాడవద్దు. కెపాసిటరు పాడవడం, కాయిల్ రాసుకోవడం అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.