లోహాల సాంద్రత ఇంట్లోనే, 3వ పాఠం: అందరికీ 1 ఎందుకు వచ్చింది?

సాంద్రత అంటే ఒక సీసీ (ఘన సెంటీమీటరు) లోహం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. వస్తువు బరువును, దాన్ని నీళ్లలో ముంచినప్పుడు కాటా చూపే అంకెతో భాగించమని పోయిన పాఠంలో చెప్పాను. అది చదివి చేసి చూసినవాళ్లు పంపిన లెక్కల్లో చాలావాటికి సాంద్రత 1 అనో, 1.01 అనో వచ్చింది. ఒకావిడైతే పెళ్లికి అమ్మ పెట్టిన గాజు కొలిచి, 1 రాగానే అది బంగారమే కాదేమోనని రాత్రంతా టెన్షన్ పడ్డారట. కాబట్టి ఈరోజు ముందు ఈ సంగతి తేలుద్దాం, బంగారం, వెండి, ప్లాటినం పోలిక ఆ తర్వాత. "నీళ్లలో ముంచండి" అని రాసి వదిలేశాను, ఎలా ముంచాలో చెప్పలేదు, తప్పు నాదే.

సాంద్రత 1 అంటే నీళ్లతో సమానం. గాజు నిజంగా అలాంటిదే అయితే బకెట్లో వేసినప్పుడు మునగదు, పైకీ తేలదు, ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోతుంది. మీది టక్కున అడుక్కి పోయింది కదా? అంటే తేడా గాజులో లేదు, కొలతలో ఉంది.

గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేశారు, అక్కడి వరకు సరే. తర్వాత వస్తువును దారంతో దింపి, అడుగుకు ఆనగానే దారం వదిలేశారు. ఆనిందంటే బరువంతా కాటాయే మోస్తుంది, 8 గ్రాముల కాసుకు 8 అనే చూపిస్తుంది. 8ని 8తో భాగిస్తే 1 కాక ఇంకేం వస్తుంది? కాసు బదులు మేకు వేసినా, గులకరాయి వేసినా 1 వస్తుంది.

వస్తువు పూర్తిగా మునిగి వేలాడుతూ ఉండాలి, అడుగుకు గానీ గ్లాసు గోడకు గానీ తగలకూడదు. అప్పుడు దాని బరువులో ఎక్కువ భాగం దారం మోస్తుంది. నీళ్లు కాసును ఎంత పైకి నెడతాయో కాసు కూడా నీళ్లను అంతే కిందికి నొక్కుతుంది, కాటాకు తెలిసేది ఆ నొక్కుడు ఒక్కటే. అది కాసు పక్కకు తోసిన నీళ్ల బరువుకు సమానం. ఒక గ్రాము నీళ్లు దాదాపు ఒక సీసీ కాబట్టి ఆ అంకే కాసు ఘనపరిమాణం.

మెల్లగా దింపుతూ అంకెలు చూడండి. 0.10, 0.28, 0.45 అని పెరిగి, మునిగాక 0.45 దగ్గర నిలబడుతుంది. ఇంకా దింపితే ఉన్నట్టుండి 2, 5, 8 అని ఎగబాకుతుంది, అడుగు తగిలింది అని అర్థం. మీకు కావాల్సింది ఆ నిలబడ్డ అంకె. 8ని 0.45తో భాగిస్తే 17.8, అది 22 క్యారెట్ల బంగారానికి సరిపోతుంది.

చేత్తో పట్టుకుంటే అంకె ఆడుతూనే ఉంటుంది, గ్లాసుకు రెండు వైపులా పుస్తకాలు పేర్చి పైన ఒక పుల్ల అడ్డంగా పెట్టి దానికి కట్టండి. కుట్టుదారం నీళ్లు పీలుస్తుంది, నేను సన్నటి నైలాన్ దారమే వాడతాను. స్టీలు గ్లాసు వద్దు, లోపల ఏం జరుగుతోందో కనబడదు. గొలుసుల కొక్కేల్లో, లింకుల మధ్య ఇరుక్కున్న గాలి బుడగలు ఘనపరిమాణాన్ని పెంచి మంచి బంగారాన్ని కూడా తక్కువ చేసి చూపిస్తాయి. నేనైతే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క నీళ్లలో కలుపుతాను, బుడగలు నిలవవు.

ఇక పోలిక. సీసీకి స్వచ్ఛమైన బంగారం 19.3 గ్రాములు, వెండి 10.5, ప్లాటినం 21.4, రాగి 8.96. ఒకే అచ్చులో పోసిన ఉంగరం వెండిది 10 గ్రాములైతే, 22 క్యారెట్ల బంగారంతో 17 దాకా, ప్లాటినంతో 20 దాటుతుంది. అందుకే గ్రాము ధరలు మాత్రం చూసి ప్లాటినం ఉంగరం చవక అనుకోకండి, అదే సైజుకు గ్రాములు ఎక్కువ పడతాయి.

వెండి దగ్గర ఈ పద్ధతి బాగా అక్కరకొస్తుంది. జర్మన్ సిల్వర్‌లో రాగి, నికెల్, జింక్ తప్ప వెండి చుక్క కూడా ఉండదు. 60 గ్రాముల కుంకుమ భరిణె వెండిదైతే నీళ్లలో 5.8 దగ్గర ఆగుతుంది, జర్మన్ సిల్వర్‌ది 7 దగ్గర. మూత తీసి, పక్కకు వంచి దింపండి, లేకపోతే లోపల గాలి ఉండిపోతుంది.

లక్క నింపిన గాజులు, రాళ్లు పొదిగినవి, నల్లపూసలు కొలవొద్దు. 2 గ్రాముల ముక్కుపుడక, చిన్న ఉంగరం కూడా వద్దు, 0.11 బదులు 0.12 చూపిస్తే 18.2 కాస్తా 16.7 అయిపోతుంది. 24 క్యారెట్ల బిస్కెట్ లోపల టంగ్‌స్టన్ అనే లోహం పెడితే ఈ లెక్కకు దొరకదు, దాని సాంద్రత 19.25.

అభ్యాసం: 100 గ్రాముల 22 క్యారెట్ల బంగారంలో 91.6 బంగారం, 8.4 రాగి ఉంటే సాంద్రత ఎంత? రాగి బదులు మొత్తం వెండి అయితే ఎంత? సాంద్రతలను సగటు చేయకండి, ఒక్కో లోహం ఎన్ని సీసీలో లెక్కగట్టి కూడి, 100ని దాంతో భాగించండి. రాగికి 17.6, వెండికి 18 దగ్గర రావాలి. వచ్చాక 18 క్యారెట్లకు చేయండి, 75 బంగారం, మిగతా 25లో రాగి, వెండి చెరిసగం. జవాబు 15కు, 16కు మధ్య ఉంటుంది, రెండో దశాంశం దాకా రాసి పంపండి.