తెర నల్లబడితే, మానిటర్‌ని మోసుకెళ్లే ముందు

బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. మానిటర్ పోయిందనుకుని దాన్ని బండి మీద పెట్టుకుని శ్రీకాకుళమో విజయనగరమో పరుగెత్తకండి. లోపం మానిటర్‌దా, కేబుల్‌దా, సీపీయూ డబ్బాదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ముందు మానిటర్ సంగతి. డబ్బా నుంచి వచ్చే కేబుల్ పీకేసి, పవర్ వైరు ఒక్కటే ఉంచి ఆన్ చేయండి. ‘నో సిగ్నల్’ అనో ‘చెక్ కేబుల్’ అనో అక్షరాలు కనిపిస్తే మానిటర్ బతికే ఉంది. అవీ రాకపోతే కేబుల్ మళ్లీ పెట్టి, గది చీకటి చేసి, ఫోన్ టార్చి ఏటవాలుగా తెర మీద వేయండి. లీలగా బొమ్మ కనిపిస్తే పోయింది బ్యాక్‌లైటు, అంటే తెర వెనక నుంచి వెలుగునిచ్చే దీపం. అది మెకానిక్ పని, మీరు విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

తర్వాత కేబుల్. విడిగా గ్రాఫిక్స్ కార్డు (తెరకు బొమ్మ పంపే కార్డు) ఉన్న డబ్బాకి వెనక రెండు చోట్ల పోర్టులుంటాయి. కేబుల్ కార్డుకే పెట్టాలి, యూఎస్‌బీల పక్కనున్న పోర్టుకు కాదు. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ కూడా అదే పోర్టుకు మార్చాలి.

మూతిలో సూదుల్లాంటి పిన్నులుండే పాత వీజీఏ కేబుల్ అయితే రంగే లోపం చెబుతుంది. తెర పసుపెక్కితే నీలం పిన్ను, గులాబీ రంగుకు తిరిగితే ఆకుపచ్చ పిన్ను అందడం లేదు. కొన్ని కేబుళ్లలో 9వ పిన్ను అసలే ఉండదు, అది విరిగిపోయిందని కంగారు పడొద్దు. ఇప్పుడు మానిటర్ సొంత మెనూ తెరవండి. మెనూ రంగులు సరిగ్గా ఉంటే తప్పు కేబుల్‌దో కంప్యూటర్‌దో. మెనూ కూడా పసుపుగా ఉంటే మానిటర్‌దే. గీతలు పడినా ఇదే పరీక్ష.

ఇవన్నీ బాగుండి కూడా బొమ్మ రాకపోతే ముందు ర్యామ్‌ని, అంటే డబ్బా లోపల స్లాట్‌లో గుచ్చి ఉండే మెమరీ ముక్కని అనుమానించండి. సోంపేట, కవిటి, పూసపాటిరేగ వైపు సముద్రపు గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. కొన్నాళ్లు వాడకుండా వదిలేస్తే ర్యామ్ అంచున బంగారు రంగు పట్టీల మీద సన్నని పొర పేరుకుంటుంది. ప్లగ్ తీసి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టండి. పక్క రేకు విప్పి, డబ్బా ఇనుమును ఒకసారి ముట్టుకోండి. అలా చేస్తే ఒంట్లోని స్థిర విద్యుత్తు దిగిపోతుంది. ర్యామ్ తీసి, పట్టీలను పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులపండి. స్లాట్‌లో దుమ్మును నోటితో ఊదొద్దు, ఉమ్మి తడి పడుతుంది. పొడి బ్రష్ చాలు. ర్యామ్ అంచున ఉన్న గాటు స్లాట్‌కు సరిపోయేలా చూసుకుని, క్లిప్పు ‘టక్’మనే దాకా రెండు చివర్లా నొక్కండి.

అయినా రాకపోతే, ప్లగ్ తీసే ఉంచి, మదర్‌బోర్డు (డబ్బాలోని ప్రధాన బోర్డు) మీద బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీని 5 నిమిషాలు బయట పెట్టి మళ్లీ వేయండి. బోర్డు సెట్టింగులు మొదటికొస్తాయి, అందుకే తేదీ, టైము తర్వాత సరిచేసుకోవాలి.

విండోస్ గుర్తు వచ్చాక తెర నల్లబడితే అది ఎక్కువగా డ్రైవర్ (గ్రాఫిక్స్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) గొడవే. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. అక్షరాలు బొద్దుగా, మసకగా ఉంటే డివైస్ మేనేజర్ చూడండి. అక్కడ ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే అసలు డ్రైవర్ లేనట్టే. తయారీ కంపెనీ సైటు నుంచి వేసుకోండి. తెర అదురుతుంటే టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. అదీ అదిరితే డ్రైవర్‌ని, అది నిలకడగా ఉండి మిగతాది అదిరితే ఏదో యాప్‌ని అనుమానించాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి ఇక్కడ అందరికీ గుర్తే. అలాంటి గాలివాన వస్తుందంటే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గులే పీకేయాలి. పోయిన కరెంటు తిరిగొచ్చేటప్పుడు వోల్టేజి ఎగిసిపడుతుంది. లైట్లు నిలకడగా వెలిగాకే ప్లగ్ పెట్టండి. మానిటర్‌కూ డబ్బాకూ ఎర్తు ఉన్న ఒకే బోర్డు వాడండి. వేర్వేరు బోర్డులైతే ఎర్తుల మధ్య తేడా వచ్చి, కేబుల్ గుచ్చేటప్పుడు హెచ్‌డీఎంఐ పోర్టు కాలిపోవచ్చు.