మైక్రోవార్మ్స్ కల్చర్ పెట్టే ముందు జాగ్రత్తలు

మైక్రోవార్మ్స్ అంటే ఫైటర్ చేప (బెట్టా) పిల్లలకు మేతగా డబ్బాలో పెంచే సన్నటి పురుగులు; ఆ పెంపకమే కల్చర్. పిల్లలు ఈదడం మొదలయ్యాక డబ్బా వెతుక్కుంటే ఆలస్యమే. పురుగు డబ్బా గోడలెక్కడానికి వారం దాకా పడుతుంది. చేపల్ని జత కలిపే ముందే కల్చర్ పెట్టండి.

– నున్నటి ప్లాస్టిక్ డబ్బా, సబ్బు వాసన పూర్తిగా పోవాలి. మూతకు సూది బెజ్జాలు, లోపలివైపు పల్చటి గుడ్డ తప్పనిసరి. లేదంటే అరటిపండు ఈగలు దూరి గుడ్లు పెడతాయి.

– ఓట్స్ జావ చిక్కగా, 1 సెం.మీ. మందమే. ఉప్పు, పాలు, చక్కెర వద్దు. బాగా చల్లారాకే చిటికెడు ఈస్ట్, చెంచాడు పాత కల్చర్ (పురుగులున్న జావ) వేయండి. వేడి మీద వేస్తే రెండూ చస్తాయి. జావ పలచనైతే డబ్బా కదిలినప్పుడల్లా గోడకు అంటుకుని, పురుగుతో పాటు ట్యాంకులో పడి నీళ్లు పాడుచేస్తుంది.

– 20–28 డిగ్రీలు చాలు. మన మే నెల ఎండలే అసలు గండం: డబ్బాను నీళ్ల పళ్లెంలో, నేల మీద నీడన ఉంచండి. చీమల బెడదా తప్పుతుంది.

– పుల్లటి వాసన మామూలే. కుళ్లు కంపు కొడితే పారేయండి, దాన్నుంచి కొత్త డబ్బాకు విత్తనం తీయొద్దు.

– వారం తేడాతో రెండో డబ్బా కూడా పెట్టండి.

– గోడ మీద పాకినవే ఇయర్ బడ్‌తో తుడిచి కొద్దికొద్దిగా వేయండి. ట్యాంకులో ఇవి అడుక్కు దిగిపోతాయి. పిల్లలు తినగా మిగిలినవి చచ్చి కుళ్లుతాయి.