మెదడుకు పాకిన క్యాన్సర్: మగత పెరిగితే ఇంట్లో చూడాల్సినవి

ఊపిరితిత్తుల, రొమ్ము, కిడ్నీ క్యాన్సర్లు మెదడుకు పాకిన మనిషి మగతగా పడుకుంటే, ఇక అయిపోయిందని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. అలా ఊరుకోవద్దు. చాలామందిలో స్పృహను మందగింపజేసేది గడ్డకన్నా దాని చుట్టూ వచ్చే వాపు. పుర్రె సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి, పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి, తర్వాత మగత వస్తాయి.

పొద్దున, సాయంత్రం ఒకే వేళకు చూసి నోట్‌బుక్‌లో రాయండి: మామూలుగా మాట్లాడుతున్నారా, పిలిస్తేనే కళ్లు తెరుస్తున్నారా, భుజం గట్టిగా నొక్కితేనే కదులుతున్నారా, దేనికీ పలకడం లేదా. ఒక్క మెట్టు దిగినా అప్పుడే డాక్టరుకు చెప్పండి. "డల్‌గా ఉన్నారు" అంటే సరిపోదు. "రాత్రి పేరు చెప్పారు, 7 గంటల నుంచి పిలిస్తేనే చూస్తున్నారు" అనాలి.

గంటల్లో మార్పు వస్తే సోడియం తగ్గడం, కాల్షియం పెరగడం, షుగర్ తేడా, ఇన్ఫెక్షన్, మూత్రం బిగుసుకుపోవడం, కొత్తగా పెంచిన మార్ఫిన్ (నొప్పి మందు) కూడా కారణం కావచ్చు. వీటిలో చాలావాటిని సరిచేయొచ్చు. కాళ్లూ చేతులూ కొట్టుకోకుండానే ఫిట్స్ లోలోపల సాగొచ్చు కూడా. అది ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) తీస్తేనే తెలుస్తుంది.

వాపుకు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇస్తారు, సాధారణంగా రోజుకు 4–8 మి.గ్రా., తీవ్రంగా ఉంటే 16 మి.గ్రా. మోతాదు డాక్టరే తేల్చాలి. ఏదైనా తిన్నాక, పొద్దున, మధ్యాహ్నం వేయండి. రాత్రి వేస్తే నిద్ర పట్టదు, పలవరింత పెరుగుతుంది. షుగర్ చూస్తూ ఉండండి. తేరుకున్నారు కదా అని సొంతంగా ఆపితే వాపు తిరగబెడుతుంది. పైగా అప్పటికి శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించేసి ఉంటుంది కాబట్టి బీపీ పడిపోవచ్చు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి టైము చూడండి. చేతిలో తాళంచెవులు పెడితే ఆగవు. నోట్లో చెంచా పెడితే పళ్లు విరుగుతాయి. డాక్టరు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే రాసి ఉంటే ఆయన చెప్పినట్టే వాడండి. 5 నిమిషాలు దాటినా, ఆగాక తేరుకోకముందే మళ్లీ వచ్చినా 108కు ఫోన్ చేయండి. ఒక కనుపాప పెద్దదైనా, ఒక పక్క చేయి పడిపోయినా ఆలస్యం చేయకూడదు.

మగతలో ఉన్నవారి నోట్లో గంజి, నీళ్లు, మాత్రలు వేయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అలా ఫిట్స్ మాత్ర, స్టెరాయిడ్ ఒక్క పూట తప్పినా ఫోన్ చేసి, ఇంజక్షన్‌గా ఇవ్వొచ్చేమో అడగండి.

వైద్యం ఇక పనిచేయదని డాక్టరే చెప్పాక కూడా చేయాల్సింది ఉంటుంది. తల వైపు కొంచెం ఎత్తు పెట్టి, 2 గంటలకోసారి పక్క మార్చండి, తడి దూదితో పెదాలు తడపండి. పలకకపోయినా మాటలు వినపడుతుండొచ్చు. ముట్టుకునే ముందు "నాన్నా, పక్కకు తిప్పుతున్నాం" అని చెప్పండి. ఆస్తుల లెక్కలు, ఖర్చుల గొడవలు ఆ గదిలో వద్దు.