పాత హెచ్‌టీఎంఎల్ పేజీలకు టెంప్లేటు తొడిగే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా చేత్తో రాసి పెట్టిన హెచ్‌టీఎంఎల్ పేజీలు వేలల్లో పోగుపడిన సైటుకు కొత్త హెడర్, కొత్త మెనూ, కొత్త ఫుటర్ పెట్టవలసి వచ్చినప్పుడు, ప్రతి ఫైలునూ తెరిచి దిద్దుకుంటూ పోవడం అయ్యే పని కాదు. కనుక పాఠకుడు అడిగిన పేజీని సర్వర్‌లోని స్క్రిప్టు ఒకటి చదివి, దాని చుట్టూ టెంప్లేటు (అన్ని పేజీలకూ ఉమ్మడిగా వాడే హెడర్, మెనూ, ఫుటర్ల చట్రం) తొడిగి, ఆ తరువాతే బ్రౌజర్‌కు పంపే పద్ధతిని చాలామంది ఎంచుకుంటారు. పద్ధతిలో లోపం లేదు. కాని దానితో సైటు స్వభావమే మారిపోతుంది. నిన్నటి వరకు ఒక పేజీలో తప్పు దొర్లితే ఆ పేజీ ఒక్కటే చెడేది. ఇకపై టెంప్లేటులో ఒక్క సెమికోలన్ జారిపోయినా సైటు సైటంతా ఒకేసారి తెల్లబోతుంది. కింది జాగ్రత్తలన్నీ ఆ ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవే. ఉదాహరణలు అపాచీ అనే వెబ్ సర్వర్‌కూ, సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషకూ సంబంధించినవి. వేరే సాధనాలు వాడేవారికి పేర్లు మారతాయి గాని చిక్కులు ఇవే ఉంటాయి.

అన్నిటికన్నా ముందు, అసలు ఫైళ్లను ముట్టుకోకూడదు. పాత పేజీ ఉన్నది ఉన్నట్టు ఉండటమే ఈ పద్ధతిలోని ప్రయోజనం. ఎలాగూ పని మొదలుపెట్టాం కదా అని దానితో పాటే వెయ్యి ఫైళ్లలో ఏదో ఒక ముక్కను వెతికి మార్చే ఆదేశం కూడా నడిపితే, రేపు ఏదైనా చెడినప్పుడు తప్పు టెంప్లేటుదో ఆ మార్పుదో తేల్చుకోలేరు. మొత్తం ఫోల్డరును, ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్‌లో భద్రపరచి, సర్వర్ లాగ్ నుంచి గత కొన్ని నెలల్లో పాఠకులు నిజంగా తెరిచిన చిరునామాల జాబితా తీసుకుని, ఒక్కొక్కదానికి ఇప్పుడు వస్తున్న స్టేటస్ కోడ్‌ను (పేజీ దొరికిందా లేదా అని సర్వర్ చెప్పే మూడంకెల సంఖ్యను), పేజీ శీర్షికను, సైజును రాసి పెట్టుకోవాలి. మెనూలో లింకు లేకపోయినా బయటి సైట్ల నుంచి జనం నేరుగా వచ్చే పేజీలు ప్రతి పాత సైటులోనూ ఉంటాయి. లింకుల వెంట నడిచే క్రాలర్‌కు అవి కనబడవు, లాగ్‌లో కనబడతాయి.

అదే సమయంలో టెంప్లేటు తొడగకూడని ఫైళ్లను వేరు చేయాలి. సైటు యాజమాన్యాన్ని నిర్ధారించుకోవడానికి సెర్చ్ ఇంజిన్లు పెట్టమనే చిన్న హెచ్‌టీఎంఎల్ ఫైలుకు హెడరూ ఫుటరూ తగిలిస్తే ఆ నిర్ధారణ చెల్లకుండా పోవచ్చు. వేరే పేజీలో ఐఫ్రేమ్‌గా తెరుచుకునే ఫైలుకు తొడిగితే పేజీలో పేజీ, మెనూలో మెనూ కనబడతాయి. జావాస్క్రిప్టు తెచ్చుకునే హెచ్‌టీఎంఎల్ ముక్కలకూ ఇదే గతి. తెరను గడులుగా విభజించి ఒక్కో గడిలో ఒక్కో పేజీని చూపే ఫ్రేమ్‌సెట్‌తో కట్టిన మరీ పాత పేజీల్లో బాడీకి (పేజీ విషయమంతా ఉండే భాగానికి) బదులు ఫ్రేమ్‌సెట్టే ఉంటుంది కాబట్టి, వాటిని ఈ పనిలో కలపకుండా విడిగా చూసుకోవడమే మేలు.

ఇక అసలు ప్రమాదం పీహెచ్‌పీలోని ఇంక్లూడ్ ఆదేశంతో వస్తుంది. పాత పేజీని టెంప్లేటు మధ్యలోకి తేవాలనగానే చేయి దాని మీదికే పోతుంది. అది కేవలం ఫైలును చదివి చూపదు, అందులో పీహెచ్‌పీ కోడ్ ఉంటే నడిపిస్తుంది. పేజీల ఫోల్డరులోకి ఎవరైనా ఏ దారినైనా ఒక ఫైలు చేర్చగలిగితే, ఇంక్లూడ్ వాడిన సైటులో ఆ వ్యక్తి సర్వర్ మీద తన కోడ్ నడపగలిగినట్టే. హానికరమైన ఉద్దేశం లేకపోయినా తిప్పలు తప్పవు. హెచ్‌టీఎంఎల్‌కు కఠినమైన రూపమైన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ కాలంలో రాసిన పేజీల మొదటి వరుసలో తరచుగా ఎక్స్ఎంఎల్ ప్రకటన ఉంటుంది. పీహెచ్‌పీ కోడ్ లాగే అది కూడా మొదలయ్యేది ‘<?’ గుర్తులతోనే. సర్వర్‌లో షార్ట్ ఓపెన్ ట్యాగ్ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే పీహెచ్‌పీ దాన్ని తన కోడ్‌గా భావించి, మొదటి వరుసలోనే పార్స్ ఎర్రర్ (కోడ్ అర్థం కాలేదన్న ఎర్రర్) ఇచ్చి ఆగిపోతుంది. పరీక్షించిన పది పేజీల్లో ఆ వరుస లేకపోతే ఈ సంగతి బయటపడేది సైటు తెరిచాకే. కాబట్టి పాత పేజీని ప్రోగ్రాముగా కాక కేవలం డేటాగా చూడాలి. రీడ్‌ఫైల్‌తో గాని, ఫైల్ గెట్ కంటెంట్స్‌తో గాని మాత్రమే చదవాలి. హెచ్‌టీఎంఎల్ ఫైళ్లన్నిటినీ పీహెచ్‌పీగా నడిపించి, ఆటో ప్రీపెండ్, ఆటో అపెండ్ సెట్టింగులతో పైనా కిందా తగిలించే పద్ధతిని ఈ కారణంగానే నేను సిఫారసు చేయను. పైగా స్క్రిప్టు ఎక్కడైనా ఎగ్జిట్ (ఇక్కడితో ఆపు) అన్నదంటే ఆటో అపెండ్ అసలు జరగదు. ఫుటరు మాయమై, తెరిచిన ట్యాగులు మూతపడకుండానే పేజీ వెళ్లిపోతుంది.

డేటాగా చదివినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. ఏ ఫైలు చదవాలో చిరునామాలోంచే తెలుసుకునే స్క్రిప్టుకు, రెండు చుక్కలూ గీతలూ పేర్చి పై ఫోల్డర్లలోకి ఎక్కే చిరునామా ఇస్తే, పాస్‌వర్డులున్న కాన్ఫిగరేషన్ ఫైలును కూడా నిక్షేపంగా చదివి చూపిస్తుంది. చుక్కలను తీసివేసే చిట్కాలు చాలవు. వాటిని దాటే దారులు అనేకం. వచ్చిన దారిని రియల్‌పాత్ అనే ఫంక్షన్‌తో పూర్తి దారిగా మార్చి, అది పేజీల ఫోల్డరు పేరుతోనే మొదలవుతోందా అని సరిచూసి, ఫైలు పొడిగింపు హెచ్‌టీఎం గాని హెచ్‌టీఎంఎల్ గాని అయితేనే ముందుకు వెళ్లాలి. ఇక్కడ ఒక చిన్న గీత పెద్ద తేడా తెస్తుంది. ఫోల్డరు పేరు ‘పేజెస్’ అయి, సరిచూసేటప్పుడు చివర స్లాష్ పెట్టకపోతే, పక్కనే ఉన్న ‘పేజెస్-ఓల్డ్’ ఫోల్డరు కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. ఫైలు లేకపోతే రియల్‌పాత్ ఫాల్స్ ఇస్తుంది కాబట్టి, 404 (పేజీ లేదు) ఇవ్వవలసిన చోటు కూడా అదే. వేరే సర్వర్ల నుంచి ఫైళ్లను ఇంక్లూడ్ చేయనిచ్చే సెట్టింగు పీహెచ్‌పీ 5.2 నుంచి మామూలుగా ఆఫ్‌లోనే ఉంటోంది, 7.4లో దాన్ని విడనాడవలసిన వాటి జాబితాలో చేర్చారు. ఎవరైనా పాత కారణాలతో ఆన్ చేసి ఉంచారేమో చూసి తీసేయాలి. టెంప్లేటు ఫైళ్లను మాత్రం వెబ్ రూట్‌కు (బ్రౌజర్‌కు నేరుగా అందే ఫోల్డరుకు) బయటి ఫోల్డరులో పెట్టడం మంచిది.

అభ్యర్థనలను స్క్రిప్టుకు మళ్లించే రీరైట్ నియమం వీలైనంత ఇరుకుగా ఉండాలి. అన్నిటినీ పట్టే నియమం రాస్తే బొమ్మలు, సీఎస్ఎస్ ఫైళ్లు కూడా స్క్రిప్టు గుండానే నడుస్తాయి; స్క్రిప్టు సొంత చిరునామా సైతం ఆ నియమానికి చిక్కితే అపాచీ తనలో తానే తిరిగి, మామూలుగా ఉండే 10 మళ్లింపుల పరిమితి దాటాక 500 ఎర్రర్ (సర్వర్ లోపలి లోపం) ఇస్తుంది. సర్వర్‌లో పీహెచ్‌పీ, ఎఫ్‌పీఎం పద్ధతిలో (అపాచీ లోపల కాక వేరే ప్రాసెస్‌గా) నడుస్తుంటే మరో రెండు సంగతులు గమనించాలి. ఫోల్డరు స్థాయిలో అపాచీ సెట్టింగులు రాసే హెచ్‌టీయాక్సెస్ ఫైలులో పీహెచ్‌పీ సెట్టింగులు రాస్తే అవి పని చేయకపోగా 500 ఎర్రర్ వస్తుంది. వాటిని యూజర్ ఐఎన్ఐ ఫైలులో రాయాలి. ఆ ఫైలును పీహెచ్‌పీ సాధారణంగా 300 సెకన్లకు ఒకసారే తిరిగి చదువుతుంది గనుక, మార్పు కనబడలేదని తొందరపడి మరో మార్పు చేయకుండా అయిదు నిమిషాలు ఆగాలి.

పాత పేజీ లోపలి భాగాన్ని విడదీయడం చూడటానికి తేలికగా ఉంటుంది. బాడీ మొదలు నుంచి చివర వరకు కత్తిరించడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల వరుసను వెతికే నమూనా) ఒకటి రాస్తే చాలనిపిస్తుంది. కాని హెచ్‌టీఎంఎల్ నియమాల ప్రకారం బాడీ ట్యాగు తెరవకపోయినా, మూయకపోయినా తప్పు కాదు. చేత్తో రాసిన పేజీల్లో అలాంటివి ఉండనే ఉంటాయి. బాగా పెద్ద పేజీల విషయంలో పీహెచ్‌పీ తన పరిమితి దాటి వెతకలేక ఫాల్స్ గాని నల్ గాని ఇస్తుంది, దాన్ని సరిచూడని స్క్రిప్టు హెడరూ ఫుటరూ మధ్య ఖాళీ చోటు పెట్టి, అంతా సవ్యమనే 200 కోడ్‌తో ధీమాగా పంపిస్తుంది. విడదీయలేకపోయిన ప్రతిసారీ ఖాళీగా కాక అసలు ఫైలునే పంపేలా రాసుకోవాలి. బాడీ ఒక్కటే తెచ్చి హెడ్‌ను వదిలేస్తే శీర్షిక, వర్ణన, కానానికల్ లింకు (పేజీ అసలు చిరునామా ఇదని సెర్చ్ ఇంజిన్లకు చెప్పేది), ఆ పేజీకే ప్రత్యేకమైన స్టైలు, స్క్రిప్టు అన్నీ పోతాయి. బాడీ ట్యాగులోనే రాసిన ఆన్‌లోడ్ (పేజీ తెరుచుకోగానే నడిచే కోడ్) లాంటివి కూడా పోతాయి.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు బదులు హెచ్‌టీఎంఎల్‌ను ట్యాగుల వారీగా విడదీసే డామ్ డాక్యుమెంట్ అనే పీహెచ్‌పీ సాధనం వాడితే ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) దగ్గర జాగ్రత్త పడాలి. పేజీలో క్యారెక్టర్ సెట్ ప్రకటించకపోతే అది ఐఎస్ఓ-8859-1గా భావించి చదువుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు గనుక, ఒక్కొక్కటి మూడేసి పిచ్చి అక్షరాలుగా విడిపోతుంది. పీహెచ్‌పీ 8.4లో హెచ్‌టీఎంఎల్5 నియమాలను పాటించే కొత్త పార్సర్ వచ్చింది. ఆ వెర్షన్ అందుబాటులో ఉన్నవారు దాన్నే వాడటం ఉత్తమం. పేజీలు కొన్ని యూటీఎఫ్-8లో, కొన్ని విండోస్-1252లో ఉన్న సైటుకు ఒకే టెంప్లేటు ఒకే క్యారెక్టర్ సెట్ ప్రకటిస్తుంది కాబట్టి, చదివిన వెంటనే ప్రతి పేజీనీ యూటీఎఫ్-8కి మార్చవలసి ఉంటుంది. టెంప్లేటు ఫైలును మాత్రం బామ్ (ఎన్‌కోడింగ్‌ను సూచించడానికి ఫైలు మొదట్లో చేరే గుర్తు) లేకుండా భద్రపరచాలి. కంటికి కనబడని ఆ 3 బైట్లు ముందే వెళ్లిపోతే, హెడర్లు (పేజీకి ముందు సర్వర్ పంపే సమాచార వరుసలు) అప్పటికే పంపించామన్న ఎర్రర్ ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కాక పూట గడిచిపోతుంది.

రూపం విషయంలో ఎక్కువగా దెబ్బ తినేవి డాక్‌టైప్ (ఏ హెచ్‌టీఎంఎల్ ప్రమాణమో చెప్పే తొలి వరుస) లేని పేజీలు. బ్రౌజర్ వాటిని ఇంతకాలం, పాత బ్రౌజర్ల తీరును అనుకరించే క్వర్క్స్ మోడ్‌లో చూపిస్తూ వచ్చింది. కొత్త టెంప్లేటు డాక్‌టైప్ పెట్టగానే స్టాండర్డ్స్ మోడ్‌లోకి మారుతుంది. పెద్ద బొమ్మను ముక్కలుగా కోసి టేబుల్ గడుల్లో అతికిన పేజీని తెరిచి చూస్తే ముక్కల మధ్య సన్నని చీలికలు కనబడతాయి. బొమ్మను అక్షరంలా భావించి, దాని కింద అక్షరాల తోకలకు బ్రౌజర్ వదిలే చోటు అది. ఆ బొమ్మలకు డిస్‌ప్లే బ్లాక్ అని సీఎస్ఎస్‌లో రాస్తే చీలికలు పూడిపోతాయి. పాత పేజీలోనూ కొత్త టెంప్లేటులోనూ హెడర్, కంటెంట్ వంటి ఐడీలు ఒకటే కావడం సర్వసాధారణం గనుక, టెంప్లేటు తన ఐడీలన్నిటి ముందూ ప్రత్యేకమైన పదం ఒకటి తగిలించుకోవాలి. చిరునామాలు మారకుండా చూసుకుంటే సాపేక్ష లింకులు వాటంతట అవే పని చేస్తాయి; అలా కాక సాపేక్ష లింకులన్నిటికీ మూల చిరునామా చెప్పే బేస్ ట్యాగుతో నెట్టుకొద్దామనుకుంటే, పేజీలోపలి భాగాలకు వెళ్లే లింకులు సైతం వేరే చిరునామాకు ఎగిరిపోతాయి.

స్టాటిక్ ఫైలును పంపేటప్పుడు సర్వర్ చెప్పకుండా చేసిపెట్టిన పనులు కొన్ని ఇకపై స్క్రిప్టే చేయాలి. చివరి మార్పు తేదీ చెప్పే లాస్ట్ మాడిఫైడ్ హెడర్ లేకపోతే, మారని పేజీకి 304 (మారలేదు) జవాబు రాక, బ్రౌజర్లూ సెర్చ్ ఇంజిన్లూ ప్రతిసారీ మొత్తం తెచ్చుకుంటాయి. ఆ తేదీ పాత ఫైలుది ఒక్కటే ఇవ్వకూడదు. ఫైలు, టెంప్లేటు రెండింటిలో ఏది తరువాత మారితే దాని తేదీ ఇవ్వాలి. లేకుంటే మెనూ మార్చినా పాఠకులకు పాతదే కనబడుతుంది. జవాబు పొడవు చెప్పే కంటెంట్ లెంగ్త్‌ను అక్షరాల్లో లెక్కిస్తే తెలుగు పేజీ మధ్యలోనే తెగిపోతుంది. బైట్లలోనే లెక్కించాలి, లేదా ఆ హెడర్‌ను సర్వర్‌కే వదిలేయాలి. టెంప్లేటులో సెషన్ (ఒక్కో పాఠకుణ్ని గుర్తుపట్టే ఏర్పాటు) ప్రారంభించడం మరో ఉచ్చు. వెంటనే పీహెచ్‌పీ కాష్ చేయవద్దన్న (నకలు దాచుకోవద్దన్న) హెడర్లతో పాటు, గడువు 1981 నవంబరు 19తోనే తీరిపోయిందని చెప్పే ఎక్స్‌పైర్స్ హెడర్‌ను కూడా పంపుతుంది. ఆ తేదీ జవాబులో కనబడితే ఎవరో టెంప్లేటులో సెషన్ తెరిచారని అర్థం. మెనూలో ఏ పేజీలో ఉన్నామో చూపించడానికి చిరునామాను తిరిగి ముద్రించేవారు ట్యాగు గుర్తులను మామూలు అక్షరాలుగా చూపే హెచ్‌టీఎంఎల్ స్పెషల్ క్యార్స్ అనే ఫంక్షన్ గుండా పంపకుండా ముద్రించరాదు.

స్క్రిప్టును రెండు భాగాలుగా విడగొట్టడం నా దృష్టిలో అన్నిటికన్నా అక్కరకొచ్చే ఏర్పాటు. దారిని సరిచూసి ఫైలును చదివే భాగం చిన్నదిగా, ఒకసారి రాశాక మళ్లీ ముట్టుకోనక్కరలేనిదిగా ఉండాలి. తరచుగా మారే టెంప్లేటు వేరే ఫైలులో ఉండాలి. మొదటి భాగం దాన్ని అవుట్‌పుట్ బఫర్ (పంపకముందు పేజీని దాచి ఉంచే చోటు) లోపల, ట్రై క్యాచ్ (ఎర్రర్లను పట్టుకునే కోడ్) మధ్య పిలవాలి. పీహెచ్‌పీ 7 నుంచి ఇంక్లూడ్ చేసిన ఫైలులోని పార్స్ ఎర్రర్‌ను కూడా పట్టుకోవచ్చు కనుక, టెంప్లేటు విరిగినప్పుడు సగం తయారైన బఫర్‌ను పారబోసి, లాగ్‌లో ఒక వరుస రాసి, పాత పేజీని పాత రూపంలోనే పంపవచ్చు. ఎర్రర్లను తెర మీద చూపించే సెట్టింగు ఆఫ్‌లో ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. తయారైన పేజీలను డిస్కు మీద కాష్ చేస్తే, నేరుగా ఆ పేరుతో రాయకుండా తాత్కాలిక ఫైలులో రాసి పేరు మార్చాలి. లేకపోతే రాస్తుండగా వచ్చిన పాఠకుడికి సగం పేజీ అందుతుంది.

సైటంతటికీ ఒకేసారి తెరవకుండా, రద్దీ తక్కువగా ఉండే ఒక ఫోల్డరుకు మాత్రమే రీరైట్ నియమం పెట్టి, మొదట్లో రాసుకున్న జాబితాలోని చిరునామాలను మళ్లీ అడిగి, స్టేటస్ కోడ్‌లనూ శీర్షికలనూ పోల్చి చూసుకోవాలి. సైజు కొంత పెరగడం సహజం, తగ్గిన పేజీలను మాత్రం ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. తొలి రోజుల్లో కాష్ గడువును నిమిషాల్లోనే ఉంచితే, వెనక్కి మళ్లవలసి వచ్చినప్పుడు విరిగిన పేజీలు పాఠకుల బ్రౌజర్లలో తిష్ఠ వేయవు. వెనక్కి మళ్లడమంటే ఆ ఒక్క నియమాన్ని కామెంటుగా మార్చడమే కావాలి. దాన్ని కూడా తెరవడానికి ముందే ఒకసారి చేసి, పాత సైటు మునుపటిలాగే వస్తోందని చూసుకున్న తరువాతే మిగతా ఫోల్డర్లను ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోవాలి.