కంప్యూటర్‌లో డిజైన్ చేసిన మందు అణువుకు పేటెంట్: దరఖాస్తుకు ముందు జాగ్రత్తలు

- ముందుగా గోప్యత. పోస్టర్, ప్రీప్రింట్ (జర్నల్‌లో అచ్చుకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్), థీసిస్, ఏది ముందే బయటికొచ్చినా కొత్తదనం పోయినట్టే. మన పేటెంట్ చట్టంలోని 12 నెలల వెసులుబాటు కొన్ని సందర్భాలకే, దాన్ని నమ్ముకోవద్దు. ఉచిత వెబ్‌సర్వర్‌లో డాకింగ్‌కు (అణువు శరీరంలోని ప్రోటీన్‌కు ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్‌తో అంచనా వేయడానికి) పెట్టే ముందు షరతులు చదవండి.

- డాకింగ్ స్కోరు ఒక్కటే చాలదు. అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. అణువును తయారుచేసే పద్ధతి, దాని నిర్మాణాన్ని నిర్ధారించే ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రమ్ డేటా, ల్యాబ్‌లో కొలిచిన ఐసీ50 విలువలు (లక్ష్యం పనిని సగానికి తగ్గించే మందు గాఢత) చేర్చండి. వేల అణువులను ఒకే మార్కుష్ ఫార్ములాలో (మారే భాగాలతో ఎన్నో అణువులను ఒకేసారి సూచించే నిర్మాణ సూత్రంలో) కలిపేసి రెండింటినే పరీక్షిస్తే ఎగ్జామినర్‌ను ఒప్పించడం కష్టం.

- తెలిసిన మందుకే కొత్త లవణమో, స్ఫటిక రూపమో అయితే పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(డి) అడ్డొస్తుంది. 2013లో సుప్రీంకోర్టు గ్లివెక్ అనే క్యాన్సర్ మందు బీటా స్ఫటిక రూపానికి పేటెంట్ నిరాకరించింది. చికిత్సలో మెరుగ్గా పనిచేస్తుందనే డేటా దగ్గరుంచుకోండి.

- అల్గారిథమ్‌ను క్లెయిమ్ చేయకండి (దానిపై హక్కు కోరకండి), అదే చట్టంలోని సెక్షన్ 3(కె) ఒప్పుకోదు. అణువునే క్లెయిమ్ చేయండి.

- ఆవిష్కర్తగా మనుషుల పేర్లే రాయండి, సాఫ్ట్‌వేర్ పేరు కాదు.

- ఇక్కడ ఉంటూ ముందు విదేశంలో దాఖలు చేయాలంటే పేటెంట్ ఆఫీసు అనుమతి తప్పనిసరి.

- ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే 12 నెలల్లోపు పూర్తి స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ పూర్తి వివరణ) ఇవ్వాలి. సింథసిస్ ఆలస్యమైతే టెన్షన్ మీకే, ముందే ప్లాన్ చేసుకోండి.